హబ్బు, స్పోకులు: పరిశోధన భాగస్వామ్యంలో మన వాటా ఎంత?

పరిశోధనకి డబ్బులిస్తామంటే వద్దనేదెవరు? పెద్ద యూనివర్సిటీ చిన్న యూనివర్సిటీ చెయ్యి పట్టుకుని నడిపిస్తుందంటే అసలే వద్దనం. కాకపోతే మనకి ఒక పాత అలవాటుంది. ఎవరన్నా చెయ్యి చాపితే ఆ చెయ్యి పైనుంచి వస్తోందా, పక్కనుంచి వస్తోందా అని చూస్తాం. ఏకలవ్యుడి కథ ఇక్కడ మళ్లీ చెప్పను.

2023లో పార్లమెంటు చట్టం చేసి అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌ని పెట్టింది. అయిదేళ్లకి 50,000 కోట్లన్నారు. అందులో ప్రభుత్వం పెట్టేది 14,000 కోట్లే. తక్కిన 36,000 కోట్లు పరిశ్రమలు, దాతలు ఇవ్వాలి. ఈ ఫౌండేషన్ 2024లో తెచ్చిన 'పెయిర్' పథకం గురించే నా మాట. ఒక అగ్రశ్రేణి సంస్థ హబ్బు. దాని కింద ఏడు దాకా స్పోకులు. బండిచక్రం అనుకోండి, నడుమ నాభి, చుట్టూ ఆకులు. నాభి ఎవరు, ఆకులెవరు అన్నది తేల్చేది ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు. మొత్తం ర్యాంకుల్లో మొదటి 25లో ఉంటే హబ్బు కావచ్చు. జాతీయ ప్రాముఖ్యం గల సంస్థయితే 50 లోపున్నా సరిపోతుంది. స్పోకు కావాలన్నా రాష్ట్ర యూనివర్సిటీకి 200 లోపు ర్యాంకు చూస్తారు.

ర్యాంకంటే ఏమిటి? 2024 పద్ధతినే తీసుకుందాం. నూటికి పది మార్కులు 'అందరికీ చోటు' అనే పద్దుకి. ఆ పద్దులో సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన విద్యార్థులకి అయిదో వంతు. అంటే మొత్తం నూటిలో రెండు మార్కులు. అవి కూడా డిగ్రీ పిల్లలకి పూర్తి ఫీజు వెనక్కిచ్చిన లెక్క మీద. రిసర్చి స్కాలర్ ఊసే లేదు. మరి 'పెద్దమనుషుల దృష్టిలో ఈ సంస్థ ఎలాంటిది' అన్న పద్దుకో? పది మార్కులు. మన పిల్లల కన్నా వాళ్ల అభిప్రాయం అయిదు రెట్లు బరువు! దీన్ని ప్రతిభ అంటున్నారు. ఈ తక్కెడతో తూచి హబ్బుని ఎంచితే, ఆ తక్కెడ పట్టుకున్న చెయ్యి ఎవరిదని అడగొద్దా?

2006 - 2008 మధ్య జిల్లాల్లో యూనివర్సిటీలు పెట్టారు. మహబూబ్‌నగర్‌లో పాలమూరు, కరీంనగర్‌లో శాతవాహన, కర్నూలులో రాయలసీమ, కడపలో యోగి వేమన, శ్రీకాకుళంలో అంబేద్కర్ పేరిట ఒకటి. ఇంట్లో మొట్టమొదట పీజీ చదివిన మాల, మాదిగ పిల్లలు చేరింది ఎక్కువగా ఇక్కడే. ఇలాంటి చోట్ల చాలావాటికి 200 లోపు రావడమే గగనం. రాకపోవడానికి కారణం పిల్లలు కాదు. పోస్టులు నింపరు. యూజీసీ నిబంధన ప్రకారం ప్రొఫెసర్ ఎనిమిదిమందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంటు నలుగురికి మించి పిహెచ్‌డి గైడు కాకూడదు. రెగ్యులర్ పోస్టు ఖాళీ ఉందంటే సీటే లేదు. సీటు లేకపోతే రిజర్వేషనెక్కడ? రోస్టరు గోడ మీద ఉంటుంది, గైడు గదికి తాళం ఉంటుంది. పథకం కోట్ల రూపాయల యంత్రం తెచ్చి పెట్టగలదేమో గాని, ఈ తాళం తియ్యలేదు. అది రాష్ట్ర ప్రభుత్వాల పని. వాళ్లని ఎవరూ అడగరు.

నేను పిహెచ్‌డి చేస్తున్న రోజుల్లో పక్క గదిలో ఒక తమ్ముడుండేవాడు. నమూనాలు ఐసు డబ్బాలో పెట్టుకుని రాత్రి బస్సెక్కి హైదరాబాదు పొయ్యేవాడు. ఒక పెద్ద సంస్థలో యంత్రం మీద రీడింగు కోసం. చార్జీ సొంతం, లాడ్జి సొంతం. స్లాటు దొరక్క రెండుసార్లు ఐసు కరిగిపోయింది. దీన్ని 'సహకారం' అనే రాసుకున్నాయి రెండు సంస్థలూ. పేపరు అచ్చయినప్పుడు వాడి పేరు నాలుగోది.

ఇక హబ్బు సంగతి. ఈ గీత లెక్కన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ర్యాంకు 2024లో సరిగ్గా 25. రోహిత్ వేముల చదివింది అక్కడే. సైన్సు మీద రాయాలని కలగన్న మనిషి. లైఫ్ సైన్సెస్ నుంచి సామాజిక శాస్త్రాల వైపు వచ్చాడు. 2016 జనవరి 17న వెళ్లిపోయేనాటికి ఏడు నెలల ఫెలోషిప్ తనకి రావాల్సి ఉందని రాసిపెట్టాడు. సంస్థకి ర్యాంకుంది, స్కాలర్‌కి జీతం లేదు. సంస్థని బలపరిస్తే స్కాలర్ బలపడినట్టే అనే వాదన ఇక్కడ కుప్పకూలుతుంది. ఇది పాత కథంటారా? 2025 జులైలో విదేశీ విద్య జాతీయ స్కాలర్‌షిప్‌కి 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే ఉత్తరాలిచ్చారు. తక్కిన 66 మందికి నిధులుంటేనే అన్నారు. వేల కోట్ల మాట చెప్పిన రాజ్యమే ఈ మాటా చెప్పింది.

ఇన్నోవేషన్ అనే మాట కూడా చూడాలి. తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి, లందలో తోలు ఎన్నాళ్లుంచాలో, ఎప్పుడు తియ్యాలో వాసనతో, వేలితో చెప్పగల మాదిగ ముసలమ్మ ఎవరు? శ్రామికురాలే తప్ప శాస్త్రజ్ఞురాలు కాదు. 1948లో మద్రాసులో పెట్టిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ సైన్సు, ఆమెది కులవృత్తి! (కులవృత్తిని మళ్లీ నెత్తికెత్తమని నేననడం లేదు. లంద కంపు తెలిసినవాణ్ణి.) ఆ తెలివికి పేరెవరిది, పేటెంటు ఎవరిది అన్నదే అడుగుతున్నా. పైగా ఈ ఫౌండేషన్ చట్టంలో సామాజిక శాస్త్రాలకి దొరికింది సైన్సు, టెక్నాలజీతో కలిసే అంచు మాత్రమే. కులం మీద పరిశోధన ఆ అంచున కూడా నిలబడుతుందో లేదో.

కాబట్టి పథకం వద్దనే దారి మనది కాదు. అందులోకి దూరి అడగాలి. స్పోకులో ఉన్న స్కాలర్‌కి హబ్బులో కో-గైడు హక్కుగా ఉండాలి, దయగా కాదు. యంత్రం మీద స్లాటు, బస్సు చార్జీ, హాస్టల్లో మంచం పథకం డబ్బులోంచే రావాలి. ఫెలోషిప్ నెల తప్పితే ఆ నెల హబ్బు వాటా ఆపాలి. హబ్బు కావాలనే సంస్థ తన రిజర్వుడు పిహెచ్‌డి సీట్లు ఎన్ని, నింపినవి ఎన్ని, మధ్యలో మానేసినవాళ్లు ఎంతమంది, శాఖలవారీగా దరఖాస్తుతోనే పెట్టాలి. పేపరు మీద ఎవరి పేరు ఎక్కడుండాలో పని మొదలుపెట్టే రోజునే కాగితం రాసుకోవాలి, ఐసు డబ్బా మోసినవాడి సంతకంతో సహా.