కడపటి అవకాశ మెవరిది?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక యాటను, ఆ యాటతో ముడివడిన చదువును చూపు చిత్రమాలిక యొకటి కలదు. దాని పేరు ‘లాస్ట్ ఛాన్స్ యు’. కడపటి అవకాశ మొసగు విశ్వవిద్యాలయమని భావము. గ్రెగ్ వైట్లీ దర్శకత్వమున నెట్‌ఫ్లిక్సు సంస్థ దీనిని 2016 మొదలు 2020 వఱకు అయిదు భాగములుగా వెలువరించినది. ఇందు కల్పిత కథ లేదు, వేషధారులు లేరు. నిజమైన విద్యార్థులు, నిజమైన శిక్షకులు, నిజమైన గెలుపోటములు మాత్రమే కలవు.

మొదట రెండు మాటలకు అర్థము తేల్చుకొనవలెను. మనకు జూనియరు కళాశాల యనగా ఇంటర్మీడియటు చదువు. అమెరికాలో అది ఉన్నత పాఠశాల ముగిసిన పిదప రెండేండ్లు చదువు చిన్న కళాశాల. వారి ఫుట్‌బాలును మన మెఱిగిన కాలిబంతి కాదు. కోలగానుండు బంతిని చేతబట్టి పరుగిడుచు, అడ్డు వచ్చిన వానిని దేహబలముచే పడద్రోయు మొరటు ఆట. పెద్ద విశ్వవిద్యాలయముల జట్లలో చేరగోరు వానికి ఉన్నత పాఠశాలలో ఇన్ని మార్కులు రావలెనని నియమము కలదు. ఆ మార్కులు రానివారును, పెద్ద జట్టులో చేరి నడవడి దోషముచే వెలివడినవారును ఈ చిన్న కళాశాలలకు వత్తురు. ఇచ్చట మార్కులు దిద్దుకొని, ఆటలో పేరు తెచ్చుకొన్నచో మరల పైకి పోవచ్చును. అందుచేతనే యిది కడపటి అవకాశమైనది.

మొదటి రెండు భాగములు మిసిసిపీ రాష్ట్రమున స్కూబా యను పల్లెలోనున్న ఈస్టు మిసిసిపీ కమ్యూనిటీ కళాశాలలో జరుగును. బడీ స్టీఫెన్స్ ఆ జట్టునకు శిక్షకుడు. అయినను చూపరుల మనస్సున నిలుచునది బ్రిటనీ వాగ్నర్ అను చదువు సలహాదారిణి. తరగతికి పోవు పిల్లవానిని ఆమె అడుగు ప్రశ్న యొక్కటే: పెన్సిలున్నదా? పందొమ్మిదేండ్ల యువకుడు, వేలమంది కేకలు వేయుచు చూడవచ్చెడి ఆటగాడు, ఆ ప్రశ్నకు తల వంచుకొనును. ఈ మాలిక అంతటిలోను ఇంతకంటె పెద్ద దృశ్యము లేదని మా యభిప్రాయము.

ఏలన, ఆ బాలునకు పరుగెత్తుట నేర్పుటకు చిన్ననాటినుండి ఎందరో పూనుకొనిరి. వాని బరువును, వేగమును కొలిచి వ్రాసికొనిరి. వానికి చదువు వచ్చినదా లేదా యని అంత శ్రద్ధతో కొలిచినవాడు లేడు. ఆటకు పనికి వచ్చినంత కాలము తరగతి వెంట తరగతి దాటించి, తుదకు మార్కుల నియమము అడ్డుపడినప్పుడు ‘ఇది నీకు కడపటి అవకాశ’మనిరి. మొదటి అవకాశము వానికెప్పు డిచ్చిరి? చిత్రకారు లీ ప్రశ్నను తాకిరే కాని, దాని వెంట పోలేదు. ఆ బాలుర వెనుకటి పాఠశాలల గడప త్రొక్కి చూచియున్న యెడల ఈ కృతి ఇంకను గొప్పదై యుండెడిది. జట్టులో పెక్కండ్రు పేద నల్లజాతి గృహములనుండి వచ్చినవారని తెఱమీద కనబడుచునే యున్నది. ఆ సంగతికి కారణమేమో చెప్పు పూచీ మాత్రము చూపరులమీద పడినది.

రెండవ లోపము కోపమునుగూర్చినది. శిక్షకుని తిట్లను, అరపులను కెమేరా మిక్కిలి ప్రీతితో పట్టుకొన్నది. 2015లో స్కూబా జట్టు ఎదిరి జట్టుతో మైదానమందే కలియబడి కొట్లాడి, పై పోటీలలో ఆడు యోగ్యతను కోల్పోయినది. కేకలతో పెంచిన పిల్లలు ముష్టియుద్ధమునకు దిగుట వింత కాదని ఆ ఘట్టము చక్కగా తెలుపుచున్నది. తన్ను తాను తెఱమీద చూచుకొన్న శిక్షకుడు రెండవ భాగమున కోపము నణచుకొన యత్నించును. ఆ యత్నము నిలువదు. ఇంతవఱకు ఆ చిత్రణము న్యాయమే. కాన్సస్ రాష్ట్రపు ఇండిపెండెన్స్ కళాశాలలో జరిగిన మూడవ నాలుగవ భాగములలో తిట్టే వినోదమైపోయినది. అచ్చటి శిక్షకుడు జేసన్ బ్రౌన్, జర్మను విద్యార్థి యొకనికి హిట్లరు పేరెత్తి పంపిన సందేశము బయటపడగా, 2019 ఫిబ్రవరిలో పదవి విడిచెను. అట్టి నోటిని అంతకాలము నవ్వులకై చూపిన కృతికి ఆ దోషములో పాలు లేదనజాలము.

అయిదవ భాగము ఈ కొఱతలను చాలవఱకు తీర్చినది. కాలిఫోర్నియాలో ఇంటి అద్దెలు మిన్నంటిన ఓక్లండ్ నగరమున లేనీ కళాశాల కలదు. ఆ రాష్ట్రపు ఇట్టి కళాశాలలలో ఆటకై విద్యార్థివేతనము లేదు. విద్యార్థి యొకడు పగలు చదివి, ఆడి, కూలిపని చేసి, రాత్రి తన మోటారు బండిలోనే నిద్రించును. ఇచ్చట శిక్షకుడు జాన్ బీమ్ తిట్టడని కాదు. తిట్టిన పిదప, అన్నము తింటివా యని అడుగును. గెలుపులకంటె ఇండ్లకు, తల్లులకు, అన్నమునకు ఎక్కువ చోటిచ్చిన ఈ భాగమే అన్నిటిలో ఉత్తమము. ఆ బీమ్ 2025 నవంబరు 13వ తేదీన ఆ కళాశాల ఆవరణమందే తుపాకి దెబ్బ తిని, మరునాడు కన్ను మూసెను. ఇప్పుడా భాగమును చూచువారికి ప్రతి దృశ్యమును బరువుగా తోచును.

ఆటయే లేనిచో ఈ పిల్లలకు కళాశాల ముఖమైనను దక్కెడిదా యని కొంద ఱడుగవచ్చును. అడుగదగిన మాటయే. వీరిలో కొందఱు నిజముగా పెద్ద విద్యాలయములకు పోయిరి. ఆట వారికి తలుపు తెఱచినది. కాని ఆ తలుపు శరీరమునకు తెఱచినది. మోకాలు విఱిగిననాడు అది మూసికొనును. చదువు తెఱచిన తలుపునకు ఆ భయము లేదు. పైగా ఈ చిత్రములు తీసిన కాలమున, పెద్ద విశ్వవిద్యాలయములు ఫుట్‌బాలుచే కోట్ల డాలర్లు గడించుచుండ, ఆడినవానికి జీత మిచ్చుట నిషిద్ధము. 2021 జూలైలో తమ పేరుచే ధన మార్జించుటకు ఆటగాండ్రకు అనుమతి వచ్చినది. 2025 జూలై మొదలు విద్యాలయములే రాబడిలో పాలు పంచుట సాధ్యమైనది. ఇది మేలే. అయినను ధనము పెన్సిలునకు బదులు కాజాలదు.

గృహస్థులు ఈ మాలికను చూడవచ్చునా? బూతుమాటలు మెండు కాన చిన్న పిల్లలతో కూర్చుండి చూడదగదు. ఎదిగిన కుమారులతో తప్పక చూడవలెను. కాలము చాలని వారికి మొదటి భాగమును అయిదవ భాగమును చాలును. చూచునపుడు ఎవరు గెలిచిరని లెక్క పెట్టవలదు. ఏ పిల్లవానిని ఎవరు, ఎప్పుడు, ఏమని అడిగిరో గమనింపుడు. ‘ఎంత వేగముగా పరుగెత్తగలవు?’ అని అడిగినవారు వందలు. ‘ఏమి చదివితివి?’ అని అడిగినవా రొకరిద్దరు. ఆ రెండవ ప్రశ్న పదేండ్లు ముందుగా వినబడిన పిల్లవానికి కడపటి అవకాశముతో పని యుండదు.