తనది కాని ఫైలు
కొత్త సాఫ్ట్‌వేర్ వేసిన మర్నాడు ఇంటి కంప్యూటర్‌లో పాత ప్రింటర్ పనిచేయదు, ఫొటోలు వేరే ప్రోగ్రామ్‌లో తెరుచుకుంటాయి. "నువ్వే ఏదో నొక్కి ఉంటావు" అంటూ నేరం ఇంట్లోవాళ్ల మీదే పడుతుంది. ఈ తీర్పు చాలాసార్లు అన్యాయం. పెద్ద ఆఫీసుల్లో కొత్తదేదైనా ముందు ఒక మెషీన్‌లో వేసి చూసే విభాగం ఉంటుంది. ఇంట్లో ఆ పని చేసేవారు లేరు కనుక ఆ జాగ్రత్తంతా ఇన్‌స్టాలర్ రాసేవాళ్లే పడాలి. ఫ్యాన్ బిగించడానికి వచ్చిన మనిషి వంటింటి వైరింగ్ జోలికి పోకూడదు. పోక తప్పకపోతే చెప్పి మరీ పోవాలి.

విండోస్ 95, 98 రోజుల్లో ఈ గొడవ ఎక్కువగా డీఎల్‌ఎల్ ఫైళ్ల దగ్గర వచ్చేది. చాలా ప్రోగ్రామ్‌లు కలిసి వాడుకునే కోడ్ అది. సిస్టమ్ ఫోల్డర్‌లో ఒక్క కాపీ ఉంటే అందరికీ సరిపోయేది. హార్డ్ డిస్కులు చిన్నవిగా ఉన్న కాలంలో ఆ పొదుపు సబబే. కానీ కొత్త ప్రోగ్రామ్ తన వెంట తెచ్చుకున్న పాత వెర్షన్‌ను అక్కడ పెట్టేస్తే, దానితో ఏ సంబంధమూ లేని మరో ప్రోగ్రామ్ ఆగిపోయేది. ప్రోగ్రామర్లే దీన్ని 'డీఎల్‌ఎల్ హెల్' అన్నారు. విండోస్ 2000లో మైక్రోసాఫ్ట్ కాపలా పెట్టింది: ముఖ్యమైన సిస్టమ్ ఫైలును బయటి ఇన్‌స్టాలర్ ఏది మార్చినా, దాచి ఉంచిన అసలు కాపీని సిస్టమే తిరిగి పెట్టేసేది. వాడేవాళ్లు రాత్రికి రాత్రే నిపుణులు కాలేదు. సిస్టమ్ కట్టుబాటు మారింది, బెడద తగ్గింది.

షరతులు చూపించాం, ఒప్పుకున్నారు కదా అని కంపెనీలు అంటాయి. 2005లో సోనీ బీఎంజీ మ్యూజిక్ సీడీలు కొన్ని అలాగే ఒప్పుకోలు అడిగి, పాటల కాపీని అడ్డుకునే సాఫ్ట్‌వేర్‌ను విండోస్‌లో ఎవరికీ కనబడకుండా దాచాయి. విండోస్ నిపుణుడు మార్క్ రుసినోవిచ్ అక్టోబరు 31న దాన్ని బయటపెట్టాడు. చేత్తో తీసేయబోతే సీడీ డ్రైవే కనిపించకుండా పోయేది. దాచిన సంగతికి ఇచ్చిన సమ్మతి సమ్మతి ఎలా అవుతుంది? భద్రతా అప్‌డేట్లు ఆలస్యం కాకూడదన్న వాదన ఇంతకంటే గట్టిది, నేనూ ఒప్పుకుంటాను. అయితే 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్, డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను వేరే చోటికి మార్చుకున్న కొందరి పాత ఫోల్డర్‌ను, అందులో మిగిలిన ఫైళ్లతో సహా తుడిచేసింది. ఫిర్యాదులు పదివేల ఇన్‌స్టలేషన్లకు ఒకటి చొప్పున వచ్చాయని, అప్‌డేట్‌ను ఆపాక మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. పిల్లల ఫొటోలు పోయిన ఇంటికి ఆ నిష్పత్తి ఓదార్పు కాదు. తొందర ఎంత ఉన్నా, వాడేవారి ఫోల్డర్‌ను చెరిపేముందు అది ఖాళీగా ఉందో లేదో చూడటానికి క్షణం చాలు.

ఇదంతా ఆచరణలో కుదరదనేవారు డెబియన్ లినక్స్‌ను చూడాలి. అక్కడ ఒక ప్యాకేజీ మరో ప్యాకేజీకి చెందిన ఫైలు మీద రాయబోతే, అందుకు ముందే అనుమతి రాసి ఉంటే తప్ప, ఇన్‌స్టలేషన్ ఆగిపోతుంది. వాడేవారు స్వయంగా మార్చుకున్న సెట్టింగుల ఫైలుకు కొత్త రూపం వస్తే, ఏది ఉంచమంటారని సిస్టమ్ అడుగుతుంది. ఊరికే ఎంటర్ నొక్కితే పాతదే ఉంటుంది.