వ్యాధినామములు: అర్థవిచారము

పాణిన్యాచార్యుడు రోగముల పేళ్లకై వేఱుగా సూత్రములు రచించిన సంగతి వైయాకరణులందఱును ఎఱిగినదే. వైద్యపదములను తెలుగు చేయబూనినవారు మాత్రము ఆ మార్గమును తొక్కిచూచినట్లు కానరాదు. 3-3-108 వ సూత్రమున రోగసంజ్ఞ యగునెడ ధాతువునకు ణ్వుల్ ప్రత్యయము బహులముగా విహితమైనది. వాంతికి ప్రచ్ఛర్దిక యనియు, జిగటవిరేచనములకు ప్రవాహిక యనియు ఏర్పడిన పేళ్లు దీనికి లక్ష్యములు. ఇంతకంటె విచారణీయమైనది 5-2-81 వ సూత్రము. కాలమును తెలుపు శబ్దములకును, ప్రయోజనమును తెలుపు శబ్దములకును రోగార్థమున కన్ ప్రత్యయము వచ్చునని దాని తాత్పర్యము. ప్రయోజనమనగా ఇచట కారణము కావచ్చును, ఫలమును కావచ్చునని కాశికావృత్తి వివరించినది. నాలుగవనాడు వచ్చు జ్వరము చతుర్థకము. విషపుష్పములవలన పుట్టినది విషపుష్పకము. వేడిని పుట్టించునది ఉష్ణకము. కాలము, కారణము, కార్యము అను మూడు నిమిత్తములును ఈ యొక్క సూత్రముననే యిమిడియున్నవి. వైద్యుని నోట నొక పేరు వినినవాడు అది వీనిలో దేనిని బట్టి పుట్టినదో విచారింపనిచో, శబ్దము చెవిని బడునే కాని యర్థము మనస్సున కెక్కదు.

కారణమును బట్టి పెట్టిన పేరు కారణజ్ఞానము మాఱినపుడు పొల్లుపోవును. మలేరియా యను నిటలీదేశపు మాటకు చెడుగాలి యని యర్థము. ఆ జ్వరమును కలిగించు సూక్ష్మజీవి దోమకడుపున పెరుగుచున్నదని రొనాల్డు రాసు 1897 ఆగష్టు 20 వ తేదీన సికిందరాబాదున కనుగొనిన పిదప ఆ పేరులోని గాలి వట్టిగాలియే యైనది. చతుర్థకమన్ననో నేటికిని సార్థకము. మలేరియాలో నొక భేదము 72 గంటల కొకమాఱు వచ్చును. వచ్చిన దినమును కూడ లెక్కించినచో అది నాలుగవ దినమే యగును. పాశ్చాత్యులును దానిని నాలుగవనాటి జ్వరమనియే వ్యవహరింతురు. చూచినదానిని చూచినట్లు చెప్పిన పేరు సిద్ధాంతములు మాఱినను చెడదు.

అయినను లక్షణమును చెప్పు పేరును వ్యాధికే పేరుగా గ్రహించుటవలన కలుగు హాని యల్పము కాదు. కామలాశబ్దమునకు వికృతిగా చెప్పెడి 'కామెర్లు' దీనికి ముఖ్యోదాహరణము. కన్నులును చర్మమును పసుపువన్నె దాల్చుట లక్షణము మాత్రమే. కాలేయమునకు వైరస్సులవలన శోథము కలిగినను, పిత్తాశయమునుండి జారిన రాయి పిత్తమార్గమున కడ్డుపడినను, ఎఱ్ఱకణములు మితిమీఱి నశించినను పసుపువన్నె యొక్కటియే. లోకులకు పేరొక్కటి గాన పసరును ఒక్కటియే. నీటిద్వారమునను ఆహారద్వారమునను సోకు కాలేయశోథము పెక్కుమందికి తనంతట తానే యుపశమించును. కీర్తి పసరునకు దక్కును. అదే పసరును నమ్మి పిత్తమార్గమున రాయి గలవాడు కూర్చున్నచో రాయి కరగదు. మాధవకరుని గ్రంథము నిదానమను పేర ప్రసిద్ధమగుట యూరక కాదు. నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి అని రోగజ్ఞానమునకు సాధనములు అయిదు కాగా, మన వ్యవహారమున రూప మొక్కటియే మిగిలినది.

పక్షవాతమున దోషము వేఱొక తెఱగున నున్నది. పక్షమనగా శరీరమున నొక ప్రక్క, వాతము వాయుదోషము. ఈ సమాసమున మెదడు ప్రసక్తియే లేదు. మెదడులోని రక్తనాళము పూడుకొనుటయో చిట్లుటయో దానికి కారణమని నేడు నిశ్చితము. పేరు కాలుసేతులను చూపుచున్నది గాన బంధువులు తైలము తెచ్చి కాలుసేతులు మర్దించుచు కాలము గడపుదురు. నాళమును పూడ్చిన రక్తపుగడ్డను కరగించు మందు సామాన్యముగా నాలుగున్నర గంటలలోపల పడవలెను. చరకసంహితలోని పక్షవధ మను శబ్దమున వాయుప్రసక్తి కంఠోక్తముగా లేదు. వ్యవహారమున నిలిచినది మాత్రము గాలిపేరే.

క్షయ సంగతి సంగ్రహముగా చెప్పిన చాలును. అమరసింహుడు క్షయ, శోష, యక్ష్మ యను మూటిని మనుష్యవర్గమున పర్యాయములుగా పఠించెను. మొదటి రెండును తరుగుట, ఎండుట యను లక్షణములను చెప్పునవి. రాబర్టు కోఖు 1882 లో దానికి కారణమైన సూక్ష్మజీవిని ప్రకటించిన పిమ్మట ఊపిరితిత్తులకే కాక యెముకలకును గ్రంథులకును సోకు తద్వ్యాధికి క్షయ యనియే పేరు నిలిచినది. 'ఎముకల క్షయ' యని విన్నవాడు ఎముకలు గుల్లబారుటగా తలచి సున్నపుబిళ్లలతో సరిపెట్టుకొన నెంచిన తప్పు వానిది కాదు.

ఇక యవనభాషానుసారులైన నవీనపదములు. ఆర్థ్రైటిస్, హెపటైటిస్ మున్నగువాని చివరనున్న 'ఐటిస్' తద్ధితప్రత్యయము వంటిది. తొలుత దానికి తత్సంబంధి యనియే యర్థము. వ్యాధివాచకమైన స్త్రీలింగశబ్దము అధ్యాహార్యము. పిదప అది శోథమున రూఢమైనది. కన్ ప్రత్యయమునకు దీనికిని గల సామ్యము వైయాకరణులకు ముచ్చట గొలుపును. ఎనీమియా యందలి 'అన్' మన నఞునకు సోదరమే. నఞునకు అభావమొక్కటియే యర్థము కాదు, అల్పత్వమును అర్థమే. సన్నని నడుము గలదానిని అనుదర యన్నప్పుడు ఉదరమే లేదని యెవ్వరును తలపరు. తెలుగువారు ఈ వివేకమును విడిచి 'రక్తహీనత' యనిరి. ధనహీనుడన ధనము లేనివాడైనట్లు రక్తహీనుడన రక్తమే లేనివాడగును. రోగి భయపడి రక్తమెక్కింపుమని వేడును. పెక్కుచోట్ల కావలసినవి ఇనుపధాతువు గల బిళ్లలు. 'నెత్తురు పలుచబడుట' యను పల్లెమాట దీనికంటె మేలు.

అనువాదదోషములలో ప్రాణాంతకమైనది హార్టుఫెయిల్యూరు విషయమున జరిగినది. హృదయము దేహమునకు చాలినంత రక్తమును తోడిపోయలేకుండుట దాని యర్థము. ఆ స్థితిలో మందులతో ఏండ్లతరబడి జీవించువారు కలరు. తెలుగునాట 'హార్టు ఫెయిలైన'దనగా చనిపోయెననియే. పత్రికలును ఆ యర్థముననే వాడుచున్నవి. హృదయము నిలిచిపోవుట హృదయస్తంభనము. హృదయమునకు రక్తము తెచ్చు నాళము పూడుకొనుట గుండెపోటు. మూడు వేఱు సంగతులను ఒక్క మాటలో కలిపివైచినపుడు, వైద్యుడు మొదటిది చెప్పుచుండగా ఇంటివారు రెండవది విని యేడ్వనారంభింతురు.

క్రియావాచకముల దుర్గతి యింతకు మించినది. సుశ్రుతుడు శస్త్రకర్మను ఛేదనము, భేదనము, లేఖనము, వేధనము, ఏషణము, ఆహరణము, విస్రావణము, సీవనము అని యెనిమిది తెఱగుల విభజించెను. యవనపదములును అట్టివే. 'ఎక్టమీ' కోసి వెలికి తీయుట, 'ఆటమీ' కోయుట మాత్రమే, 'ఆస్టమీ' ద్వారమేర్పఱచుట, 'స్కోపీ' చూచుట. కొలెక్టమీ యన్న పెద్దప్రేగును తీసివైతురు. కొలాస్టమీ యన్న దానికి కడుపుమీద ద్వారము చేయుదురు. తెలుగున ఇవన్నియు 'ఆపరేషను'. పల్లెపట్టున నొక స్త్రీ 'ఆపరేషను చేయించుకొన్న'దన్నచో విశేషణము లేకయే సంతాననిరోధక్రియ యని యర్థము, 'పెద్దాపరేష'నన్న కాన్పుకోత. శస్త్రచికిత్స యని సంస్కృతీకరించిన మాత్రమున స్పష్టత రాలేదు. బరువు మాత్రము పెరిగినది.

వీనిలో నెల్ల మిక్కిలి శోచనీయమైన ప్రయోగము 'గర్భసంచి ఆపరేషను'. గర్భసంచికి ఆపరేషనా, గర్భసంచిలోనా, గర్భసంచిని తీసివేయుటయా? ఈ సమాసమునకు విగ్రహవాక్యము చెప్పువాడు లేడు. 2015-16 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో గర్భసంచి తీసివేయబడినవారు దేశమున నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశమున 8.9, తెలంగాణమున 7.7. ఇందుకు హేతువులు పెక్కులుండును. భాష యొక్కటే హేతువని చెప్పుట సాహసము. అయినను వ్రేలిముద్ర వేయు స్త్రీకి పోవుచున్నదేదో తెలుపని మాట ఆ యనుమతిపత్రమున నుండదగదు. గర్భాశయచ్ఛేదనమన్నను ప్రయోజనము లేదు. సుశ్రుతుని పరిభాషలో ఛేదనము కోసి తొలగించుటయే యైనను, తెలుగువాని చెవికి అది రెండుగా కోయుటయే. 'గర్భసంచిని తీసివేయుట' యని వ్రాసినచో పండితునకును పామరునకును సమముగా తెలియును. అండాశయములను కూడ తీయునెడ ఆ సంగతి వేఱుగా వ్రాయవలెను. గర్భసంచి యనుమాటలో అండాశయములు చేరవు.