గేటు బోర్డు, జీతం చీటీ

పారిశ్రామికవాడలో పనులు ఎలా ఉన్నాయో మొదట చెప్పేది గేటు పక్కన వేలాడే బోర్డు. 'హెల్పర్లు కావలెను, ఐటీఐ ఫిట్టర్లు కావలెను, వసతి కలదు' అంటూ ఈ వారం బొల్లారంలో కనిపించిన ఒక బోర్డుకు రంగు వెలిసిపోయింది. కింద ఫోన్ నంబరు మీద మాత్రం రెండుసార్లు సున్నం కొట్టి కొత్త నంబరు రాశారు. ఊరి నుంచి దిగిన మనిషి పై మాట చదివి, ఇక్కడ పనికి కొదవ లేదనుకుంటాడు. ఏడాదంతా దిగని బోర్డుకు అసలు అర్థం వేరు. చేరినవాళ్లు అక్కడ నిలవడం లేదు. చెరిపి రాసిన నంబర్లు కాంట్రాక్టరు మారాడని చెబుతాయి. ఈ బోర్డు చదవడం రాకుండా సామాను కట్టుకున్న కుటుంబాలు చాలా నష్టపోయాయి.

బోర్డు కంటే ముందు తేల్చుకోవాల్సిన చిన్న సంగతి ఒకటుంది. బొల్లారాలు రెండు. సికింద్రాబాద్ వైపు, రాష్ట్రపతి నిలయం ఉన్నది ఒకటి. మందుల కంపెనీల బొల్లారం సంగారెడ్డి జిల్లాలో, మియాపూర్ దాటాక బాచుపల్లి, అమీన్‌పూర్‌ల పక్కన ఉంది. 2016లో జిల్లాలు మారేదాకా అది మెదక్ జిల్లాలోది. 'బొల్లారంలో ఉద్యోగం' అన్న ఒక్క మాట పట్టుకుని సికింద్రాబాద్ వైపు గది తీసుకున్నవాడికి పొద్దుటి షిఫ్టుకు చేరడమే సగం డ్యూటీ అవుతుంది.

ఆ తర్వాత లెక్కపెట్టాల్సింది గేట్లను. ఒక చోట పనుల బలం ఒక్క కంపెనీని చూస్తే తెలియదు. ఆ కంపెనీ వద్దంటే, అదే పనికి దగ్గర్లో ఇంకెన్ని గేట్లు తెరుచుకుంటాయన్నదే కొలత. ఈ లెక్కలో బొల్లారం గట్టిది. ఒక పక్క ఖాజిపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి. ఇంకో పక్క పటాన్‌చెరు, పాశమైలారం. రియాక్టర్ నడపడం వచ్చిన ఆపరేటర్‌కు, మందును పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద చెయ్యి తిరిగిన కెమిస్టుకు ఇక్కడ ఒక గేటు మూసుకుంటే మరో గేటు ఉంటుంది.

ఇన్ని గేట్లు ఒక్కచోట ఎలా వచ్చాయో తెలిస్తే ఈ పేట స్వభావం అర్థమవుతుంది. కేంద్ర ప్రభుత్వం 1961లో మందుల తయారీ సంస్థ ఐడీపీఎల్‌ను స్థాపించి, సోవియట్ సాయంతో బాలానగర్‌లో రసాయన ఔషధాల కర్మాగారం కట్టింది. మందులకు ముడిసరుకును ఇక్కడే తయారుచేయడం ఎందరో కెమిస్టులు, ఆపరేటర్లు నేర్చుకున్నది అక్కడే. 1970 పేటెంట్ల చట్టం మందు మీద కాక, తయారుచేసే పద్ధతి మీద మాత్రమే హక్కు ఇచ్చింది. అదే మందును మరో పద్ధతిలో చేయగలిగినవాడికి దారి తెరుచుకుంది. ఐడీపీఎల్‌లో పనిచేసినవాళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. అక్కడే పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆ కంపెనీ యూనిట్లు బొల్లారంలో ఇప్పటికీ ఉన్నాయి. యజమాని వెంట సూపర్‌వైజర్, సూపర్‌వైజర్ వెంట ఆపరేటర్, ఆపరేటర్ వెంట అతని బావమరిది వచ్చారు. ఒకరి చేతిపని ఎంతటిదో పక్కన నిలబడి చూసినవాడే ఇంకో గేటు దగ్గర పూచీ పడేవాడు. ఐడీపీఎల్ తర్వాత ఖాయిలా పడింది కానీ, అక్కడ నేర్చిన పని మాత్రం ఈ గేట్లన్నిటిలో బతికింది.

ఒకే పని చుట్టూ కట్టుకున్న పేటకు కీడు కూడా ఒక్కసారే వస్తుంది. కంపెనీల వ్యర్థ జలాలు నక్కవాగులో కలిసి పొలాలను, చెరువులను పాడుచేశాయి. దీనిపై 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు దశాబ్దాలు పోరాడారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. 2010 జనవరిలో ఆ జాబితాలోని చోట్లలో కొత్త యూనిట్లకు, విస్తరణలకు పర్యావరణ అనుమతులు ఆపేశారు. విస్తరణ ఆగితే కొత్త కొలువులూ ఆగుతాయి. అందుకే పక్కనే వేరే రకం పని ఉందా అనీ చూడాలి. సుల్తాన్‌పూర్‌లో 2017లో మొదలైన వైద్య పరికరాల పార్కు ఈ కారణానికే బొల్లారానికి మేలు. ఇంత కాలుష్యం చూసిన చోట నీళ్ల సంగతి గది చూసేటప్పుడే అడగాలి. తాగేవి ఎక్కడివి, ట్యాంకరు ఎన్నాళ్లకొకసారి వస్తుంది, నెలకు ఎంతవుతుంది అన్నవి జీతంతో కలిపి చూడాల్సిన లెక్కలు.

పాత వాదన ఒకటి ఉంది. పిల్లనిచ్చినా, ఎద్దును కొన్నా, ఊరు మారినా, ముందు అక్కడ తెలిసినవాళ్లను అడగాలి, కాగితాలు తర్వాత. బొల్లారం పుట్టిన తీరు కూడా ఆ వాదననే బలపరిచేలా ఉంది. అయితే ఇవాళ్టి బొల్లారానికి ఆ వాదన సరిపోదు. అప్పటి తెలిసినవాడు పక్క రియాక్టర్ దగ్గర చెమటోడ్చినవాడు. ఇప్పుడు ఊరికి ఫోన్ చేసి 'వచ్చెయ్, పనుంది' అనేవాడు కాంట్రాక్టర్ తరఫున మనుషులను పోగుచేసే మేస్త్రీ కూడా కావచ్చు. తెచ్చిన తలకింత అని అతనికి ముడుతుంది. అతను చెప్పే జీతంలో ఓటీ కలిపాడా, పీఎఫ్ తీసేశాడా అన్నది మొదటి నెల చేతికొచ్చాకే బయటపడుతుంది.

కాగితం అలా దాచదు. పీఎఫ్ సంస్థ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొడితే ఏ నెలలో ఎంతమందికి పీఎఫ్ కట్టిందో ఎవరైనా చూడవచ్చు. ఆరు నెలల అంకెలు పక్కపక్కన పెడితే మనుషులు పెరుగుతున్నారో తగ్గుతున్నారో ఊరి నుంచే తెలుస్తుంది. కాంట్రాక్టర్ కింద చేరేవాడు కాంట్రాక్టర్ పేరు కూడా వెతకాలి, పీఎఫ్ కోడ్ అతనికి వేరుగా ఉంటుంది. జీతం లెక్కా పెద్ద కష్టం కాదు. 15,000 మూలవేతనానికి పీఎఫ్ 12 శాతం, అంటే 1,800, ఈఎస్ఐ 0.75 శాతం, అంటే 113. ఇంకే కోతా లేకపోతే చేతికి 13,087 రావాలి. యజమాని వాటాను కూడా కార్మికుడి జీతంలోంచే కోస్తే అది చట్టవిరుద్ధం. ఓటీకి రెట్టింపు కూలి ఇవ్వాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉన్న మాట. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ప్రతి కార్మికుడికీ ఇవ్వాలి.

ఈ కాగితాల విలువ 2025 జూన్ 30న పాశమైలారం చెప్పింది. మందుల్లో కలిపే పదార్థం తయారుచేసే కర్మాగారంలో పేలుడుకు 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వారిలో చాలామంది ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. కొన్ని శరీరాలను డీఎన్‌ఏ పరీక్షతోనే గుర్తించగలిగారు, కొందరివి దొరకనేలేదు. అలాంటి రోజున ఇంటివాళ్లు మా మనిషి ఇక్కడ పనిచేశాడని చూపించుకోవాలి. పనిలో ప్రమాదానికి ఈఎస్ఐ రక్షణ చేరిన మొదటి రోజు నుంచే ఉంటుంది. మనిషి పోతే కుటుంబానికి వేతనంలో 90 శాతం పింఛనుగా వస్తుంది. కానీ పేరు నమోదై ఉంటేనే ఆ హక్కు అడిగినంతనే నిలబడుతుంది. లేకపోతే ఆ పేరును నిరూపించుకుంటూ ఇంటివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఎన్ని గేట్లున్నా, జీతం ఎంతైనా, పేరెక్కించని పనికి కుటుంబాన్ని వెంటబెట్టుకుని రావద్దు.

బొల్లారం, పటాన్‌చెరుల్లో ఇప్పటికే డ్యూటీ చేస్తున్న పాఠకులకు ఒక మనవి. ఊరి నుంచి బావో తమ్ముడో ఫోన్ చేసి 'అక్కడ పనులెలా ఉన్నాయి?' అని అడిగితే, బాగున్నాయనో బాగాలేవనో చెప్పి ఊరుకోకండి. పోయిన నెల మీ జీతం చీటీ ఫొటో తీసి పంపండి.