కవాటపు నోరు

చలి ముదిరిన మార్గశిరమాసమున ఒకనాటి ప్రాతఃకాలము సూర్యాపేటనుండి బయలుదేరి, విజయవాడ రహదారి మీద నలుబది కిలోమీటర్లకు మించి ప్రయాణము చేసి, కోదాడలోని మా అక్కగారి యింటికి చేరి, స్నానమునకు పోయి గోడమీది గీజరు వైపు కన్నెత్తి చూచినంతనే నా గుండె ఝల్లుమన్నది. చన్నీటి గొట్టమునకు బిగించిన రక్షణకవాటపు నోటికి, అనగా ప్లంబర్లు సేఫ్టీ వాల్వు అని వ్యవహరించు దాని చిన్న మూతికి, ఎవరో డమ్మీ బిగించి యుండిరి. తక్షణమే స్విచ్చి ఆపి అక్కను పిలిచితిని.

"పొద్దంత చుక్క చుక్క కారుతనే ఉండె తమ్మీ. నీళ్లు ఖరాబైతున్నయని పనాయనతోటి బంద్ చేయించిన" అన్నది.

ఆమె పొదుపును నేను తప్పు పట్టజాలను. అయితే నీటికి ఒక స్వభావము కలదు: ఒత్తిడికి అది కుదించుకొనదు, వేడికి మాత్రము వ్యాకోచించును. 25 లీటర్ల తొట్టిలోని నీరు 25 డిగ్రీలనుండి 75 డిగ్రీలకు వేడెక్కునప్పటికి అర లీటరుకు పైగా పెరుగును. వెనుకకు పోనీక కవాటములోని ఏకముఖద్వారము అడ్డుపడును, ముందు కుళాయి మూసియుండును. ఆ పెరిగిన నీటికి మిగిలిన త్రోవ ఆ చిన్న నోరొక్కటియే. అట్టి దానిని మూసినపిమ్మట థర్మోస్టాటు కూడ చెడినచో, నీరు 100 డిగ్రీలు దాటియు ఒత్తిడివలన ద్రవముగనే నిలిచి, తొట్టి పగిలిన క్షణమున అందులో కొంతభాగము ఒక్కుమ్మడి ఆవిరిగా మారును. లీటరు నీరు ఆవిరియైన 1,600 లీటర్లకు మించిన చోటు కోరును. ఆ గదిలో మా అక్క మనుమలు స్నానము చేయుదురు.

ఈ భయము నాకు పుస్తకములు నేర్పినది కాదు. యౌవనమున నేను మిర్యాలగూడలో ఒక బియ్యపు మిల్లులో లెక్కలు వ్రాయుచుండెడివాడను. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన తరువాత ఎడమకాలువ క్రింద పండిన ధాన్యము ఆ ఊరి మిల్లులకు చేరుచుండ, ఉప్పుడు బియ్యమునకై వడ్లు ఉడికించు బాయిలర్లు ఊకమంటలతో రేయింబవళ్లు మండుచుండెడివి. మా బాయిలరు చూచు పెద్దమనిషి, రక్షణకవాటపు మీటను ఎత్తి, ఆవిరి బుస్సుమని వెలికివచ్చుట చూచి, మరల వదలుచుండెడివాడు. ఎందులకని అడుగగా, "ఇది నోరు మూసుకున్ననాడు మనకు నూరేళ్లు నిండినట్టే సార్" అనెను. పదిహేడవ శతాబ్దమున దెనీ పాపిన్ అను ఫ్రెంచి పండితుడు తన ఆవిరిపాత్రకు భారము వ్రేలాడదీసిన మీటతో అమర్చిన కవాటమునకు వారసురాలే ఆ మీట. మన వంటింటి కుక్కరు మీది వెయిటును ఆ వంశములోనిదే. ఆ వృద్ధుడు పాపిన్ పేరు వినియుండడు, కాని ఆ విద్యయొక్క మర్మము అతని చేతికి తెలియును.

కొత్త కవాటము కొనితెచ్చి పనికి దిగితిని. ఎం.సి.బి. దించి, చన్నీటి వాల్వు కట్టి, వేడినీటి కుళాయి విప్పి ఒత్తిడి పోనిచ్చి, తొట్టి చల్లారువఱకు వేచియుంటిని. ఇట్లు వేచియుండకయే తొందరపాటువారు చేతులు కాల్చుకొందురు. ఒక పానాతో తొట్టి నిపిలును కదలనీయక పట్టి, రెండవదానితో పాత కవాటమును విప్పితిని. లోపల బోరునీటి సుద్ద పెంకులుగా పేరుకొని యున్నది. ఒత్తిడి వదలు నోటిలో సుద్ద అడ్డుపడి అది సరిగా మూసుకొనకపోవుటచేతనే నీరు పొద్దంత కారినది. వేడెక్కునప్పుడు కారుట కవాటమునకు ధర్మము. చల్లగా నున్నప్పుడును కారుట రోగము. రోగమునకు మందు వేయక గొంతు నులిమిరి. ఇంతకంటె విస్మయకరమైన సంగతి యొకటి: ఏకముఖద్వారపు బిళ్ల క్రిందను ఒక సుద్దపలుకు ఇరుకుకొని అదియు పూర్తిగా మూసుకొనలేదు. పెరిగిన నీరు ఇన్నాళ్లు ఆ సందునుండియే వెనుకకు పోయినది. ఒక లోపము రెండవ అపాయమును ఆపి, ఆ యింటివారిని కాపాడుచు వచ్చినది! ఆ పలుకును చేతిలోనికి తీసికొని చాలసేపు చూచితిని.

మరలకు టెఫ్లాన్ టేపు బిగింపు దిశలోనే చుట్టి, కవాటముమీది బాణపుగుర్తు తొట్టివైపు చూచునట్లు నిలిపి, మొదట చేతితోను పిదప పానాతోను మితముగా బిగించితిని. కుళాయినుండి గాలి యంతయు పోయి నీరు ఎడతెగక ధారగా వచ్చినపిమ్మటగాని స్విచ్చి వేయలేదు. ఖాళీతొట్టిలో ఎలిమెంటు మాడిపోవును. కవాటపు నోటికి సన్నని గొట్టము తగిలించి, దాని క్రింద అక్క ఇత్తడి చెంబునుంచితిని.

"మళ్ల కారుతుందేంది తమ్మీ?" అని ఆమె గీజరు వేడెక్కుచుండగా అడిగినది.

"కారనీయక్కా. వేడైనంక ఆగుతది" అంటిని.

గీజరు మీది దీపము ఆరిన కొంతసేపటికి బొట్టు నిలిచినది. అక్క చెంబునెత్తి చూచి, అందులోని అర లీటరు నీటిని వృథా పోనీక తులసికోట మొదట పోసినది.