పెద్దల పట్ల గౌరవం – పిల్లల బొమ్మల కథలు: ఒక పరిశీలన

పాఠ్య లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• బొమ్మల కథలో మాట చెప్పే నీతిని, బొమ్మ చెప్పే నీతిని వేరుచేసి చూడగలుగుతారు.
• గౌరవం, విధేయత, జాలి అనే భావాల మధ్య తేడాను కథల ఆధారంగా వివరించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

పెద్దలను గౌరవించాలన్నది తెలుగు బాలసాహిత్యంలో తరచుగా కనిపించే నీతి. 1947 జూలైలో మద్రాసు నుంచి మొదలైన ‘చందమామ’, 1967లో అనంత్ పాయ్ ప్రారంభించిన ‘అమర చిత్ర కథ’ ఇలాంటి కథలను బొమ్మలతో సహా ఇంటింటికీ చేర్చాయి. నీతి మంచిదే. అయితే విమర్శ అక్కడితో ఆగిపోకూడదు. చదవడం రాని పిల్లవాడు ముందుగా చూసేది బొమ్మనే. కథ చివర అచ్చయిన నీతివాక్యం ఎవరో చదివి వినిపిస్తే గాని వాడికి తెలియదు. కాబట్టి బొమ్మ ఏం చెబుతున్నదో విడిగా పరిశీలించాలి. అది నేర్పుతున్నది గౌరవమా, విధేయతా, జాలా అన్నదే ఈ పాఠంలో మన ప్రశ్న.

2. శ్రవణకుమారుడి కావడి

వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో దశరథుడు తన పాత తప్పును కౌసల్యకు చెప్పుకుంటాడు. అక్కడ ఆ మునికుమారుడికి పేరు లేదు. అంధులైన తల్లిదండ్రులు ఆశ్రమంలో ఉంటారు, కొడుకు నీళ్ల కోసం సరయూ నదికి వస్తాడు. వారిని కావడిలో మోస్తూ తీర్థయాత్ర చేయించడం తర్వాతి కాలపు ప్రచారంలో స్థిరపడిన ఘట్టం. అయినా శ్రవణుడు అనగానే మన కళ్లముందు నిలిచేది ఆ కావడే.

ఆ బొమ్మ బలం ఎంతటిదో గాంధీజీ ఆత్మకథ చెబుతుంది. చిన్నతనంలో శ్రవణుడి పితృభక్తి నాటకం చదివానని, ఊరూరా తిరిగే ప్రదర్శకులు చూపిన బొమ్మల్లో అతను తల్లిదండ్రులను కావడిలో మోసుకుపోయే దృశ్యం తన మనసులో చెరగని ముద్ర వేసిందని ఆయన రాశారు.

అయితే బలం ఉన్నచోటే లోపమూ ఉంది. కావడి బొమ్మలో మన చూపు కొడుకు భుజం మీద, అతని శ్రమ మీద నిలుస్తుంది. తల్లిదండ్రులు చెరొక బుట్టలో కదలక, మాట్లాడక కూర్చుంటారు. వారి స్థానంలో రెండు వడ్ల బస్తాలు పెట్టినా బొమ్మ కూర్పు పెద్దగా మారదు. మోసేవాడు గొప్పవాడని పిల్లవాడికి అర్థమవుతుంది. మోయబడేవారు ఎలాంటి మనుషులో అర్థం కాదు. వాల్మీకిలో మాత్రం వారు మాట్లాడతారు. కొడుకు దగ్గరికి తీసుకుపొమ్మని అడుగుతారు, శవాన్ని తడిమి ఏడుస్తారు, తండ్రి రాజును శపిస్తాడు. ఈ ఘట్టాన్ని ఒక్క బొమ్మతో ముగించే పుస్తకం పెద్దలను బరువుగా మాత్రమే మిగులుస్తుంది.

3. చేర్యాల పటం ముందు

మద్దూరుకు పొరుగున ఉన్న చేర్యాల నకాశీ పటాలకు ప్రసిద్ధి. 2016 జిల్లాల పునర్విభజన వరకు ఈ రెండు మండలాలూ వరంగల్ జిల్లాలో ఉండేవి. గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పూసి, ఎర్రని నేపథ్యం మీద కథను వరుస బొమ్మలుగా గీస్తారు. కూనపులివారు ఇలాంటి పటం చూపుతూ పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు.

అల్పాయుష్కుడైన మార్కండేయుడు సప్తర్షులకు నమస్కరిస్తే, వారు దీర్ఘాయుష్మంతుడివి కమ్మని దీవించారని ఈ కథకు ఒక పాఠం ఉంది. దీన్ని “దండం పెడితే ఆయుష్షు పెరుగుతుంది” అని కుదిస్తే గౌరవం బేరంగా మారుతుంది. పిల్లవాడు ఎదుటి మనిషిని కాక, వచ్చే ఫలితాన్ని చూస్తాడు.

పటం కథ పిల్లల కోసమే పుట్టినది కాదు. కానీ అక్కడ పిల్లవాడు పెద్దల మధ్య కూర్చుంటాడు. కథకుడు ఒక్కో బొమ్మను చూపుతూ పాడతాడు. అర్థం కానిది పక్కనున్న అవ్వనో తాతనో అడగవచ్చు. పెద్దవారికి తెలిసినది తనకు అవసరమని వాడికి అప్పుడు అనుభవమవుతుంది. నీతివాక్యం ఈ పని చేయలేదు.

4. తాత మూకుడు

ముసలి తండ్రికి వేరుగా మట్టి మూకుడులో అన్నం పెట్టే కొడుకు, ఆ మూకుడును తన తండ్రి కోసం దాచే మనవడు – ఈ కథ మీరు వినే ఉంటారు. దీనికి దగ్గరి కథ జర్మనీలో గ్రిమ్ సోదరుల సంకలనంలో ఉంది. టాల్‌స్టాయ్ దాన్ని పిల్లల కోసం తిరిగి చెప్పాడు. బౌద్ధుల తక్కల జాతకంలో ముసలి తండ్రిని పూడ్చడానికి కొడుకు గొయ్యి తవ్వుతుంటే, మనవడు పక్కనే మరో గొయ్యి తవ్వడం మొదలుపెడతాడు.

బొమ్మల కథగా దీనికి పెద్ద వీలుంది. తప్పు చేసినది పిల్లవాడు కాదు, నడివయసు తండ్రి. దిద్దినది ఉపదేశం కాదు, ఒక వస్తువు. మూకుడు గీస్తే చాలు. పిల్లవాడు తండ్రికి ఎదురు నిలిచి తాతను గౌరవించాడు కనుక, గౌరవం వేరు, విధేయత వేరు అని కూడా తెలుస్తుంది. ఈ కారణంగా కావడి కంటే మూకుడు మెరుగైన పాఠం. లోపం లేకపోలేదు. తండ్రి మారేది “రేపు నా గతీ ఇంతే” అన్న భయంతో. తాత ఇక్కడా మౌనంగానే ఉన్నాడు. తాత మనవడికి ఏదో నేర్పుతున్న బొమ్మ ఒక్కటి ముందుగా ఉంటే, మూకుడు దాచిన పిల్లవాడి చేతి వెనుక భయం కాక ప్రేమ కనిపించేది.

5. సారాంశం

బొమ్మల కథను అంచనా వేసేటప్పుడు మూడు విషయాలు చూడండి: పెద్దవారు బొమ్మలో మాట్లాడుతున్నారా? గౌరవానికి కారణం కనిపిస్తున్నదా, బహుమానమే కనిపిస్తున్నదా? పిల్లవాడికి ప్రశ్నించే చోటు ఉన్నదా? మీలో కొందరు తల్లిదండ్రులు, కొందరు ఉపాధ్యాయులు కావచ్చు. పుస్తకంలో లేని తాత గొంతును చదివి వినిపించేటప్పుడు మీరే చేర్చవచ్చు.

అభ్యాసం

1. కావడి బొమ్మలో తల్లిదండ్రుల స్థానాన్ని విమర్శనాత్మకంగా చర్చించండి.
2. మూకుడు కథ ఆధారంగా గౌరవానికి, విధేయతకు గల తేడాను వివరించండి.
3. మీ ఇంట్లో పెద్దవారిని అడిగి, వారు చూసిన ఒక పటం కథ గురించి పది వాక్యాలు రాయండి.