కాంటనీసు భాషయందలి స్వరసంఖ్యానిర్ణయము

గ్వాంగ్‌జౌ యని నేఁడు వ్యవహరింపఁబడు కాంటను నగరమునను, హాంకాంగునందును బలుకఁబడు చీనాభాషాభేదమునకుఁ గాంటనీసు అని పేరు. ఇందు స్వరభేదముచే నర్థము మాఱును. ‘సీ’ యను నొక్క శబ్దమే ఆఱు స్వరములతోఁ బలుకఁబడి వరుసగాఁ గవిత, చరిత్ర, పరీక్ష, కాలము, విపణి, కార్యము అను నర్థముల నిచ్చును. ఈ స్వరములను రోమకలిపియందు అంకెలతో గుర్తించుటలో రెండు మతములు కలవు.

ప్రాచీనులు సమము, ఆరోహము, నిర్గమము, ప్రవేశము అను నాలుగు వర్గముల నేర్పఱచిరి. వీనిలో మొదటి మూఁడును ఉచ్చనీచభేదముచే నాఱైనవి. పకార తకార కకారములతో ముగియు ప్రవేశాక్షరములు కాంటనీసున మూఁడు తెగలైనవి. కావున స్వరములు తొమ్మిది యని పూర్వమతము. 1993లో హాంకాంగు భాషాశాస్త్రసంఘము ప్రకటించిన యూత్పింగు పద్ధతి యాఱంకెలనే గ్రహించి, 7, 8, 9లకు మాఱుగాఁ గ్రమముగా 1, 3, 6లను వ్రాయును. ఏలన, ఆయా జంటల స్థాయి యొక్కటియే.

ఇందుచేఁ బ్రాచీనవిభాగము మఱుఁగుపడునని పూర్వపక్షుల యాక్షేపము. చీనా పద్యనియమములందు సమాక్షరములకును దక్కినవానికిని భేదము ముఖ్యము. ప్రవేశాక్షరములు సమములు గావు. ‘ఒకటి’ యను నర్థముగల ‘యత్’ శబ్దమునకును, కవితార్థకమగు ‘సీ’ శబ్దమునకును 1 అంకెయే యిడినచో విద్యార్థి రెంటిని సమములని భ్రమించునని వారి భయము. ఇది నిలువదు. తుదితకారము లిపియందే కానవచ్చుచున్నది. తెలుఁగు ఛందస్సున సంయుక్తాక్షరమునకు ముందున్న హ్రస్వము గురువగును. అందులకై యా హ్రస్వమునకు వేఱు చిహ్నము నెవ్వరును గల్పింపలేదు.

నవసంఖ్యామతమునకు మఱియొక చిక్కు కలదు. ‘బాతు’ అను నర్థముగల ‘ఆప్’ శబ్దము మూలమున 3వ స్వరముగలదియైనను, వ్యవహారమునఁ దఱచుగా 2వ స్వరముతోఁ బలుకఁబడును. యూత్పింగు దానిని 2 అంకెతోనే వ్రాయఁగలదు. 7, 8, 9లలో నీ యుచ్చారణమునకుఁ దావు లేదు. పదవ సంఖ్యను గల్పింపవలసివచ్చును.

అయినను షట్సంఖ్యాపద్ధతియు నిర్దుష్టము గాదు. అంకె వర్గనామమే కాని స్థాయిప్రమాణము కాదు: 1 ఉచ్చము, 3 మధ్యమము, 4 అన్నిటికంటె నీచము, 6 దానికంటెఁ గొంత పైది. స్థాయిని గొలుచుటకు 1930లో యువన్ రెన్ చావ్ కల్పించిన పంచస్థాయిచిహ్నములు వేఱుగాఁ గలవు. యేల్ పద్ధతి రేఖలను, నీచస్వరములకు హకారమును వాడును. అది చెవికిఁ గొంత దారి చూపినను, పలుకరాని హకారమును బలికించు ప్రమాదము కలది.

కావున వ్యవహారలేఖనమునకు ఆఱంకెలే చాలును. ప్రాచీనవర్గములు ఛందఃపాఠమున వేఱుగా బోధింపఁదగినవి. ఎట్లైనను, అంకెను గంఠస్థము చేయించుటకు ముందు స్వరమును వినిపించుట గురువు ధర్మము.